యేసు మీద పెట్టిన అసలు కేసు ఏంటి? ఒక కోర్టు గుమస్తా డౌట్లు

కోర్టు గుమస్తా:

నమస్తే అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఎవరి నమ్మకాన్నీ తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలియకే అడుగుతున్నా. నిన్న గుడ్ ఫ్రైడే, కోర్టుకి సెలవు. వారాసిగూడలో మా పక్కింటి ఆంటీ వాళ్లు ప్రతి ఏడాదీ చర్చికి రమ్మంటారు, నేను ప్రతి ఏడాదీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను, ఈసారి కుదరలేదు. పన్నెండు నుంచి మూడు దాకా కూర్చున్నాను. అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడారు. నాలుగో మాట చెప్పిన పెద్దాయన ఏడిపించేశాడు. ఐదో ఆయనకి మైకు ఇచ్చి తప్పు చేశారు. "దప్పిగొనుచున్నాను" అన్న ఒక్క మాట మీద అంతసేపు మాట్లాడితే ఏప్రిల్ ఎండలో కింద కూర్చున్న మాకు నోరు ఎండిపోయింది.

సరే, విషయానికొస్తాను. నేను సిటీలో ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర పంతొమ్మిదేళ్లుగా గుమస్తాని. ఏ కథ విన్నా నా బుర్రలో అది కేసు కట్టలాగే సర్దుకుంటుంది, ఏం చెయ్యను. గురువారం రాత్రి తోటలో అరెస్టు, అదే రాత్రి ప్రధాన యాజకుడి ఇంట్లో విచారణ, తెల్లవారగానే గవర్నరు ముందు హాజరు, ఆ వెంటనే తీర్పు, మధ్యాహ్నం మూడుకి ప్రాణం పోయింది, పొద్దుగూకే లోపల సమాధి. ఇంత వేగంగా ముగిసిన కేసు నా సర్వీసులో చూడలేదు.

అసలు ఏ నేరం మోపారు? ఒకాయన దేవదూషణ అన్నాడు, ఇంకొకాయన రాజద్రోహం అన్నాడు, రెండూ వేరువేరు సెక్షన్లు కదా. శిక్ష వేసింది ఎవరు, యూదులా రోమన్లా? ఆ గవర్నరు పిలాతు చేతులు కడుక్కున్నాడంటారు, కడుక్కున్నవాడు సంతకం ఎందుకు పెట్టాడు? ఇంకోటి చిన్న డౌటు, శుక్రవారం మధ్యాహ్నం పోయి ఆదివారం తెల్లవారుజామున లేస్తే నలభై గంటలు కూడా కాలేదు, మూడు రోజులు అని ఎలా అంటున్నారు? ఆంటీని అడిగితే "నువ్వు వాక్యం చదువు నాన్నా, అన్నీ అర్థమవుతాయి" అని ఒక బైబిలు చేతిలో పెట్టింది. రాత్రి మత్తయి, మార్కు, లూకా, యోహాను, నాలుగు సువార్తల్లోనూ ఆఖరి భాగాలు చదివాను. డౌట్లు పెరిగాయి.

మెదక్ బిడ్డ:

అన్నా, చివరి డౌటుకి జవాబు మీ ఇంట్లోనే ఉంది. మీ వాళ్లలో ఎవరైనా శుక్రవారం పోతే మూడో రోజు ఎప్పుడు చేస్తారు? ఆదివారమే కదా. పోయిన రోజు ఒకటి, మర్నాడు రెండు, ఆ పైరోజు మూడు. గంటలు ఎవరు లెక్కపెడతారు? యూదుల లెక్క కూడా ఇదే. పైగా వాళ్లకి రోజు మొదలయ్యేది సూర్యుడు అస్తమించాక, అంటే శుక్రవారం పొద్దు గుంకిందంటే విశ్రాంతి దినం వచ్చేసినట్టే, ఇక శవాన్ని ముట్టుకుని పనులు చెయ్యడం కుదరదు. అందుకే సమాధి అంత హడావిడిగా జరిగింది, సుగంధ ద్రవ్యాలు పూయడం పూర్తికాక ఆడవాళ్లు ఆదివారం పొద్దున్నే మళ్లీ వెళ్లారు. ఆ వెళ్లడంలోనే ఖాళీ సమాధి కనిపించింది. మత్తయిలో మాత్రం చేప కడుపులో ఉన్న యోనా పోలిక చెప్పేచోట "మూడు రాత్రింబగళ్లు" అని ఉంది, అది అక్షరాలా లెక్కేస్తే కుదరదు, దాని కోసం బుధవారమే సిలువ వేశారని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. మా నాన్న పాస్టరు, ఆయన మాత్రం ఆ వాదన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నేను మెదక్ చర్చి నీడలో పెరిగాను, ఆ రంగు గాజు కిటికీల్లో పుట్టుక, సిలువ, ఆరోహణం మూడూ ఉంటాయి, చిన్నప్పుడు ప్రసంగం విసుగొస్తే వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ మూడు కిటికీల మధ్య ఉన్న ముప్పై ఏళ్లు ఎక్కడికి పోయాయి అని అప్పుడే అనిపించేది. పన్నెండేళ్ల వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నాడని లూకా ఒక్కడే చెప్తాడు, ఆ తర్వాత సుమారు ముప్పై ఏళ్ల వయసులో బాప్తిస్మమిచ్చే యోహాను (సువార్త యోహాను కాదు) దగ్గర బాప్తిస్మం తీసుకునేదాకా ఏమీ లేదు.

ఇంకోటి, మీరు విన్న ఏడు మాటలు ఏ ఒక్క సువార్తలోనూ ఏడూ కలిపి ఉండవు. మీరు ఏడ్చిన నాలుగో మాట "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" మార్కులో, మత్తయిలో ఉంది, వాళ్లిద్దరూ రాసింది ఆ ఒక్క మాటే. లూకాలో మూడు వేరేవి, యోహానులో ఇంకో మూడు. అన్నీ కలిపి ఏడు చేసి మనం వరసలో పెట్టుకున్నాం.

డౌట్ రాజా:

అందరూ జరిగిపోయినట్టే మాట్లాడుతున్నారు. అసలు అలాంటి మనిషి ఒకడు ఉన్నాడని బైబిలు బయట ఏదైనా ఆధారం ఉందా? గుమస్తా గారూ, మీ కోర్టులో ఫిర్యాదుదారుడి చుట్టాలు చెప్పిన సాక్ష్యం ఒక్కటే ఉంటే కేసు నిలుస్తుందా?

కోర్టు గుమస్తా:

రాజా గారూ, నిలిచిన కేసులు ఉన్నాయి. చుట్టమైనంత మాత్రాన సాక్ష్యం కొట్టేయరు, జాగ్రత్తగా చూస్తారు అంతే. ఇంకా చెప్పాలంటే నలుగురు సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా చెప్తేనే మా సార్ నవ్వుతారు. పోలీసులు సాక్షుల దగ్గర రాసుకునేవాటిని పాత లెక్కలో 161 స్టేట్‌మెంట్లు అనేవాళ్లం, నాలుగింట్లోనూ ఒకే వాక్యం ఉందంటే రాసిన కానిస్టేబులు ఒక్కడే అని అర్థం. ఇక్కడ మార్కు పొద్దున తొమ్మిదికి సిలువ వేశారంటాడు, యోహానేమో ఆరో గంటకి ఇంకా పిలాతు ముందే నిలబడ్డాడంటాడు, పొద్దుపొడుపు నుంచి లెక్కేస్తే అది మధ్యాహ్నం. ఇలా తేడాలుంటే నాకు కొంచెం నమ్మకం కలుగుతుంది. మక్కీకి మక్కీ దింపినట్టు లేదు.

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:

గుమస్తా గారూ, మీ పరిశీలన బాగుంది కానీ అక్కడే ఒక మెలిక ఉంది. ఆ నలుగురూ విడివిడి సాక్షులు కారు. మొదట రాసింది మార్కు, ఇంచుమించు క్రీ.శ. 70 ప్రాంతంలో. మత్తయి, లూకా ఇద్దరూ మార్కుని ముందు పెట్టుకునే రాశారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, చాలాచోట్ల గ్రీకు మాటలు కూడా అవే. మీరు నవ్వుకునే ఆ "ఒక్క కానిస్టేబులు" ఇక్కడా కొంత ఉన్నాడన్నమాట. యోహాను దారి మాత్రం వేరు. వీళ్లందరికంటే ముందే 50ల్లో తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన లేఖలు ఉన్నాయి, వాటిలో సిలువ మరణం, సమాధి, మూడో రోజు, ఈ మాటలు అప్పటికే వాడుకలో ఉన్నట్టు కనిపిస్తాయి. అంటే సంఘటన జరిగిన పాతికేళ్ల లోపు.

రాజా గారికి. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 116 ప్రాంతంలో, రోము నగరం తగలబడి నీరో ఆ నింద క్రైస్తవుల మీదికి నెట్టిన సంగతి రాస్తూ, ఈ పేరు తెచ్చిన క్రీస్తు తిబెరియ చక్రవర్తి పాలనలో పొంతి పిలాతు చేతిలో మరణశిక్ష పొందాడని చెప్తాడు. ఆయనకి క్రైస్తవులంటే ఒళ్లుమంట, మెచ్చుకోవడానికి రాయలేదు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ 93 ప్రాంతంలో రెండుచోట్ల ప్రస్తావిస్తాడు. ఒకచోట తర్వాతి కాలపు క్రైస్తవ లేఖకులు చెయ్యి పెట్టి పొగడ్తలు చేర్చినట్టు స్పష్టంగా తెలుస్తుంది. రెండోది "క్రీస్తు అనబడిన యేసు సోదరుడు యాకోబు" అని పోతూపోతూ అన్న మాట, దాన్ని కాదనేవాళ్లు తక్కువ. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో తవ్వకాల్లో దొరికింది. కాబట్టి మనిషి ఉన్నాడా లేడా అన్నది చరిత్రకారుల్లో పెద్ద తగువు కాదు. ఆయన ఎవరు అన్నదే తగువు, దానికి తవ్వకాలు సమాధానం చెప్పవు.

ఇక మీ ప్రశ్న. ఏ నేరం? శిక్ష ఏంటో చూడండి, నేరం ఏంటో తెలిసిపోతుంది. దేవదూషణకి మోషే ధర్మశాస్త్రంలో శిక్ష రాళ్లతో కొట్టి చంపడం. సిలువ రోమన్లది. అది దొంగతనానికో అప్పులకో వేసే శిక్ష కాదు, ఎక్కువగా బానిసలకీ బందిపోట్లకీ తిరగబడ్డవాళ్లకీ. యూదుల్ని ఏలిన రాజు హేరోదు చనిపోయాక, అంటే క్రీ.పూ. 4లో, గలిలయలోనూ యూదయలోనూ అల్లర్లు లేస్తే సిరియా గవర్నరు వారుస్ వచ్చి 2,000 మందిని సిలువ వేయించాడని జోసెఫస్ రాశాడు. యేసు పెరిగిన నజరేతుకి గంటన్నర నడక దూరంలో ఉన్న సెప్పోరిస్ పట్నాన్ని అప్పుడే తగలబెట్టారు. యేసు పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. (హేరోదు క్రీ.పూ. 4లో పోయాడు కాబట్టి యేసు అంతకుముందే పుట్టి ఉండాలి, "క్రీస్తు పూర్వం" క్రీస్తు పుట్టడమేంటని నవ్వకండి, క్రీ.శ. లెక్క మొదలుపెట్టిన డయొనీసియస్ అనే సన్యాసి 525లో కొన్ని సంవత్సరాలు తప్పేశాడు, మనమంతా ఆ తప్పు మీదే పుట్టినరోజులు చేసుకుంటున్నాం.) అంటే నజరేతులో పిల్లలు సిలువ అంటే ఏంటో వింటూనే పెరిగారు. ఆయన వృత్తి వడ్రంగం అంటాం గానీ గ్రీకులో ఉన్న టెక్టోన్ అన్న మాటకి కట్టడం పని చేసేవాడు అని కూడా అర్థం, తర్వాత సెప్పోరిస్‌ని మళ్లీ కట్టినప్పుడు చుట్టుపక్కల పనివాళ్లు వెళ్లే ఉంటారు.

ఇప్పుడు యెరూషలేము సంగతి. పస్కా పండగ అంటే మన మేడారం జాతరలా ఊరు పట్టనంత జనం, అదీ ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన జ్ఞాపకం, పైన రోమన్ల పాలన. ఎప్పుడు ఏం రాజుకుంటుందో తెలియదు. పిలాతు మామూలుగా ఉండేది సముద్రతీరాన కైసరయలో, పండగలకి సైన్యాన్ని తీసుకుని యెరూషలేము వచ్చేవాడు. అలాంటి వారంలో గాడిద మీద ఊరేగింపుగా వచ్చి, జనం "దావీదు కుమారుడా" (అంటే పాత రాజు దావీదు వారసుడా) అని అరుస్తుంటే వారించకుండా, దేవాలయ ఆవరణలో డబ్బు మార్చేవాళ్ల బల్లలు తిరగేశాడు. ఆ బల్లలు ఊరికే లేవు, దేవాలయ పన్ను ఒక్క రకం వెండి నాణెంలోనే కట్టాలి, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు మార్చుకోక తప్పదు. దేవాలయ పెద్దలకీ కోపం వచ్చింది, రోమన్లకీ భయం వేసింది. ప్రధాన యాజకుడు కయప 18 నుంచి 36 దాకా పదవిలో ఉన్నాడు, ఆ పదవి ఇచ్చేది తీసేది రోమన్ గవర్నరే, అంతకాలం నిలబడ్డాడంటే వాళ్లతో ఎలా మెలగాలో తెలిసినవాడే. జనమంతా నాశనం కావడం కంటే ఒకడు చావడం మేలు అన్నాడని యోహాను రాస్తాడు. నన్నడిగితే మొత్తం కేసు ఆ ఒక్క మాటలో ఉంది.

పిలాతు చేతులు కడుక్కోవడం మత్తయిలో ఒక్కచోటే ఉంది. ఇతర ఆధారాల్లో కనిపించే పిలాతు అంత మెత్తనివాడు కాదు. కాలువ తవ్వించడానికి దేవాలయ నిధి వాడి, గొడవ చేసినవాళ్లని దుడ్డుకర్రలతో బాదించాడు. చివరికి 36లో సమరయుల మీద మారణకాండ చేసినందుకే ఉద్యోగం పోయింది. మరి సువార్తల్లో ఎందుకంత సందేహిస్తూ కనిపిస్తాడు? 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశాక, రోమన్ సామ్రాజ్యంలోనే బతకాల్సిన క్రైస్తవులు రాసుకున్న పుస్తకాలు అవి, నింద గవర్నరు మీద పెట్టడం కంటే యూదు పెద్దల మీద పెట్టడం సులువు. నేను దీన్ని గట్టిగానే నమ్ముతాను, ఒప్పుకోనివాళ్లు ఉంటారు. కానీ "యూదులు చంపారు" అన్న ఆ ఒక్క మాట మీద యూరప్‌లో వందల ఏళ్లు యూదుల్ని వెంటాడారు. 1965లో గానీ కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ, ఆ మరణానికి అప్పటి యూదులందరినీ గానీ ఇప్పటి యూదుల్ని గానీ బాధ్యుల్ని చేయకూడదని రాతపూర్వకంగా చెప్పలేదు.

కోర్టు గుమస్తా:

సార్, దండం. మీరు ఇన్నాళ్లూ ఎక్కడున్నారు. మీది చదివాక పొద్దున మళ్లీ లూకా తీశాను. ఇరవై మూడో అధ్యాయంలో మొదటే చార్జిషీటు ఉంది, నిన్న రాత్రి నిద్రమత్తులో దాటేశాను. మూడు అభియోగాలు: జనాన్ని తిరగబడేలా చేస్తున్నాడు, కైసరుకి (రోమన్ చక్రవర్తికి) పన్ను కట్టొద్దంటున్నాడు, తానే రాజునంటున్నాడు. అంటే రాత్రి విచారణలో దేవదూషణ, పొద్దున గవర్నరు ముందుకొచ్చేసరికి రాజద్రోహం. సెక్షన్ మార్చేశారు! మొదటి సెక్షన్ మీద ఆ కోర్టు ఏమీ చెయ్యదని తెలిసి ఆ కోర్టుకి పనికొచ్చే సెక్షన్ పెట్టుకొచ్చారు. ఇది నాకు చాలా పరిచయమైన పని. అందులో రెండోది పచ్చి అబద్ధం, కైసరుది కైసరుకి ఇమ్మన్నాడని మూడు అధ్యాయాల ముందు అదే లూకా రాశాడు.

ఇంకో గమ్మత్తు చూడండి. నిందితుడు గలిలయవాడని తెలియగానే పిలాతు "అయితే నా పరిధి కాదు" అని గలిలయని ఏలే హేరోదు (మాస్టారు చెప్పిన హేరోదు కొడుకు) దగ్గరికి పంపించేశాడు, ఆయన కూడా పండగకి ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి. ఆయనేమో వేళాకోళం చేసి వెనక్కి పంపాడు. కేసు ట్రాన్స్‌ఫర్, మళ్లీ రిటర్న్, అదీ ఒక్క పూటలో. ఇది కూడా లూకా ఒక్కడే చెప్పాడు.

నాకు మిగిలిన డౌటు ఒకటే. దేవదూషణే అయితే రాళ్లతో కొట్టి వాళ్లే చంపొచ్చుగా, గవర్నరు గడప ఎక్కడం ఎందుకు?

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:

ఎవరినీ చంపే అధికారం మాకు లేదని వాళ్లే పిలాతుతో అన్నట్టు యోహానులో ఉంది. కానీ తొలి క్రైస్తవుల్లో ఒకడైన స్తెఫనుని తర్వాత రాళ్లతో కొట్టి చంపారు, అది తీర్పా మూకదాడా అన్నది తేలలేదు. ఒక మంచి సాక్ష్యం జోసెఫస్‌లో ఉంది, పైన చెప్పిన యాకోబు సంగతే. 62లో ఒక గవర్నరు చనిపోయి కొత్తాయన ఇంకా దారిలో ఉండగా, ఆ సందు చూసుకుని అప్పటి ప్రధాన యాజకుడు సభ పెట్టి యాకోబుకీ మరికొందరికీ రాళ్లతో మరణశిక్ష వేయించాడు. గవర్నరు అనుమతి లేకుండా సభ కూర్చడమే తప్పని ఫిర్యాదు వెళ్లింది, ఆ యాజకుడి పదవి పోయింది. దీన్నిబట్టి ఊహించుకోండి.

అప్పీలు సంగతి కూడా మీరే అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా. పౌలు రోమన్ పౌరుడు, కైసరు దగ్గరే తేల్చుకుంటానన్నాడు, పంపక తప్పలేదు. నజరేతు వడ్రంగికి ఆ హక్కు లేదు. అదే దేశం, అదే పదవిలో ఉన్న గవర్నరు, పాతికేళ్ల పైచిలుకు తేడా.

యూట్యూబ్ యూనివర్సిటీ:

ఆ మెదక్ అక్క అడిగిన ముప్పై ఏళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? ఆయన అప్పుడు ఇండియా వచ్చాడు, బౌద్ధ మఠంలో చదువుకున్నాడు, సిలువ మీద చనిపోలేదు, మళ్లీ వచ్చి కశ్మీరులో పోయాడు. శ్రీనగర్‌లో సమాధి ఇప్పటికీ ఉంది. వీడియోలు బోలెడు ఉన్నాయి.

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:

వీడియోలు బోలెడు ఉన్నాయి బాబూ, కాదనను. లడఖ్‌లో హెమిస్ మఠంలో రాతప్రతి చూశానని 1894లో పుస్తకం వేసింది నోటోవిచ్ అనే రష్యన్. వెంటనే మాక్స్ ముల్లర్ దాన్ని కడిగేశాడు. మరుసటి ఏడాది ఒక ఆంగ్ల ప్రొఫెసరు పనిగట్టుకుని హెమిస్ వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథం మా దగ్గర లేదని మఠాధిపతే చెప్పాడు. శ్రీనగర్ ఖాన్యార్‌లో ఉన్న రోజాబల్ యేసు సమాధే అని చెప్పింది అహ్మదీయ శాఖ స్థాపకుడు మీర్జా గులాం అహ్మద్, అదీ పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే. ముప్పై ఏళ్లు ఖాళీగా కనిపిస్తే మనకి ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది. పల్లెటూరి పనివాడి ముప్పై ఏళ్లు ఎవరు రాసిపెడతారు?

మెహదీపట్నం భాయ్:

అస్సలాము అలైకుం, నమస్తే. మా వైపు మాట కూడా ఉండాలి కదా అని రాస్తున్నా. మాకు హజ్రత్ ఈసా అలైహిస్సలాం పెద్ద ప్రవక్త, తండ్రి లేకుండా పుట్టాడని మేమూ నమ్ముతాం, ఆయన తల్లి మర్యం పేరు మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. కానీ నాలుగో సూరా 157వ ఆయత్‌లో వాళ్లు ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు, వాళ్లకి అలా అనిపించేలా చేయబడింది అని ఉంది. అల్లా ఆయన్ని పైకి ఎత్తుకున్నాడు, ఖయామత్ (తీర్పు దినం) ముందు మళ్లీ వస్తాడు. గుమస్తా భాషలో చెప్పాలంటే కేసు నడిచింది, శిక్ష అమలు ఆయన మీద జరగలేదు. చరిత్ర మాస్టారు గారితో వాదించడానికి కాదు, నమ్మకం ఇది అని చెప్పడానికి. చిన్నప్పుడు మా నానీ ఈసా నబీ కథలు చెప్పేది, మట్టితో పిట్టని చేసి ఊదితే ఎగిరిపోయిందని, నాకు అది బాగా ఇష్టం.

మెదక్ బిడ్డ:

భాయ్, ఆ పిట్టల కథ మా దగ్గరా ఉంది తెలుసా, కానీ బైబిల్లో లేదు, బైబిల్లో చేర్చని పాత బాల్య కథల్లో ఉంది. మా బామ్మ కూడా చెప్పేది, ఎక్కడ విందో మరి!

నమ్మకం విషయంలో మనం కలవము, అది సరే. మాకు ఆయన నిజంగా చనిపోవడమే ముఖ్యం. గుమస్తా అన్న మాస్టారు కలిసి కేసు అంతా విప్పారు, బాగుంది, కానీ ఆ కట్టలో కనిపించనిది ఒకటుంది, ఆయన ఆ రాత్రి పారిపోవచ్చు. అరెస్టు చేసిన ఆ గెత్సేమనే తోట నుంచి కొండ ఎక్కి అటువైపు దిగితే బేతనియ, ఇంకా ముందుకి పోతే ఎడారి. పట్టించిన శిష్యుడు యూదా ఎవరిని తీసుకొస్తున్నాడో తెలిసి కూడా అక్కడే కూర్చుని చెమట కార్చుకుంటూ ప్రార్థించాడు. నాకు సిలువ కంటే ఆ తోట దగ్గరే గొంతు పట్టుకుంటుంది.

పంచాంగం పిచ్చోడు:

ఒక చిన్న మాట. సిలువ వేసినప్పుడు మధ్యాహ్నం చీకటి కమ్మిందని ఉంది కదా, అది సూర్యగ్రహణం అని ఎవరో ఒకరు అంటారు, అనకముందే చెప్తున్నా. పస్కా వచ్చేది పౌర్ణమికి. సూర్యగ్రహణం అమావాస్యకి తప్ప పట్టదు. మన ఇంట్లో క్యాలెండరు చూసే ఏ ముసలమ్మకైనా తెలుసు ఇది. ఈస్టర్ తేదీ ఏటా మారేది కూడా ఈ పౌర్ణమి వల్లే, మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. తేదీ విషయంలో పండితులు ఎక్కువగా రెండు చెప్తారు, క్రీ.శ. 30లో ఏప్రిల్ 7, లేదా క్రీ.శ. 33లో ఏప్రిల్ 3, రెండూ శుక్రవారాలే. నిన్న కూడా ఏప్రిల్ 3 శుక్రవారమే, అయితే 33 నాటి ఆ తేదీ పాత జూలియన్ క్యాలెండరు లెక్క కాబట్టి దీన్ని వాట్సాప్‌లో అద్భుతం అని తిప్పకండి ప్లీజ్.

డౌట్ రాజా:

సరే, మనిషి ఉన్నాడు, సిలువ వేశారు, ఒప్పుకున్నా. కానీ మేకులు కొట్టారా తాళ్లతో కట్టారా? సిలువ వేసినవాళ్లని రోమన్లు అలాగే వదిలేసేవాళ్లని, కాకులు గద్దలే గతి అని చదివాను. ఇంత జాగ్రత్తగా సమాధి చేయనిచ్చారా?

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:

ఎక్కువమందికి మీరు చెప్పిన గతే. కానీ 1968లో యెరూషలేముకి ఈశాన్యంగా ఒక సమాధిలో ఎముకల పెట్టె దొరికింది, మీద యెహోహనాన్ అని పేరు. ఆ మనిషి మడమ ఎముకలో ఇంకా మేకు దిగి ఉంది, సుమారు 11.5 సెంటీమీటర్లు, కొన వంగిపోయి బయటికి రాక అలాగే ఉండిపోయింది. మొదటి శతాబ్దానిది. అంటే మేకులు కొట్టారు, సిలువ వేసినవాడి శవాన్ని ఇంటివాళ్లకి ఇచ్చిన సందర్భమూ ఉంది. ఆ కొన వంగకపోయి ఉంటే ఈ సంగతి మనకి తెలిసేదే కాదు.

కోర్టు గుమస్తా:

శవం అప్పగింత గురించి నేను రాద్దామనుకుంటూ ఉన్నా. అరిమతయియ ఊరి యోసేపు అనే పెద్దమనిషి వచ్చి దేహం అడిగితే పిలాతు ఆశ్చర్యపోయాడట, అప్పుడే పోయాడా అని. సిలువ మీద ఒక్కోసారి రోజుల తరబడి కొట్టుకుంటారు కదా. వెంటనే ఇవ్వలేదు, శతాధిపతిని పిలిపించి నిజంగా పోయాడా, ఎంతసేపైంది అని అడిగి రూఢి చేసుకున్నాకే ఇచ్చాడు. మార్కులో ఉంది. ఈ ఒక్కచోట నాకు మా ఆఫీసు వాసన వచ్చింది. కథ అల్లేవాడు ఇది రాయడు, గుమస్తా అయితే రాస్తాడు.

అన్నిటికంటే నచ్చింది మాత్రం ఆ బోర్డు. తల పైన కొట్టిన పలక, నజరేయుడైన యేసు, యూదుల రాజు అని. హెబ్రీ, రోమా (అంటే లాటిన్), గ్రీకు, మూడు భాషల్లో రాశారట, మన సిటీ బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఉన్నట్టు. అంటే చదవడం వచ్చిన ప్రతివాడికీ తెలియాలని. మాస్టారు చెప్పిన రాజద్రోహం సెక్షన్ అక్కడే వేలాడుతోంది, నేను పుస్తకమంతా వెతికాను. ప్రధాన యాజకులు వచ్చి, "యూదుల రాజు" అని వద్దు, "నేను యూదుల రాజునని వాడు చెప్పుకున్నాడు" అని మార్చమన్నారు. న్యాయంగా చూస్తే వాళ్లు అడిగింది సరైన సవరణే, అభియోగం అదే కదా. పిలాతు ఒప్పుకోలేదు, రాసిందేదో రాశాను అన్నాడు. పొద్దున్నుంచి నాలుగుసార్లు మాట మార్చినవాడు బోర్డు దగ్గర మాత్రం కదల్లేదు. సోమవారం మా సార్‌కి చెప్తాను ఇది.

మెదక్ బిడ్డ:

సోమవారం దాకా ఎందుకన్నా, రేపు ఈస్టర్, తెల్లవారుజామున ఐదింటికి సూర్యోదయ ఆరాధన ఉంటుంది, మీ ఆంటీ వాళ్లు ఎలాగూ వెళ్తారు. ఆరుబయట పెడతారు, చల్లగా ఉంటుంది, అయ్యాక టీ కూడా ఇస్తారు. వెళ్లండి.

కోర్టు గుమస్తా:

ఆంటీ ఇప్పుడే తలుపు కొట్టి అదే చెప్పి వెళ్లింది. వస్తానన్నాను. ఆ ఐదో ఆయన రేపు మాట్లాడతాడా అని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.